పంటి డాక్టరంటే భయమా? గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లకండి

పంటి డాక్టరు దగ్గరకు వెళ్లకుండా ఉండటానికి మనిషికి దొరికే సాకులకు అంతు లేదు. ఆఫీసులో పని, జలుబు, చుట్టాల రాక, ‘నిన్నటి మీద ఇవాళ నొప్పి తగ్గింది కదా’ అనే ఆశ. తొమ్మిదేళ్ల పాటు ఈ సాకులన్నీ నేను వాడుకున్నాను. చివరికి కింది దవడ పన్ను ఒకటి రాత్రిళ్లు కునుకు పట్టనివ్వకపోతే వెళ్లాను. కుర్చీలో కూర్చోక ముందే నేనన్న మొదటి మాట: ‘నన్ను పూర్తిగా నిద్రపుచ్చి చేయండి.’

డాక్టరు గారు కాదనలేదు, సరే అనలేదు. ‘మీకు దేనికి భయం?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. భయమంటే భయమే కదా అనుకున్నాను. పది నిమిషాలు మాట్లాడాక తేలింది: నాకు సూదంటే పెద్ద బెంగ లేదు, కొంత నొప్పి ఓర్చుకోగలను. నోరు తెరుచుకుని వెల్లకిలా పడుకున్నప్పుడు ‘ఆగండి’ అని చెప్పే వీలు లేకపోవడమే నన్ను వణికించేది. దానికి మత్తు అక్కరలేదు. ఎడమ చెయ్యి ఎత్తితే చాలు, పని ఆపేస్తామని ఒప్పందం చేసుకున్నాం. ఆ రోజు గంటసేపు సాగిన రూట్ కెనాల్‌లో నేను చెయ్యి ఎత్తింది రెండుసార్లు. అందులో ఒకటి, నిజంగా ఆపుతారో లేదో చూడటానికి.

అప్పటి నుంచి ఎవరు సలహా అడిగినా నేను చెప్పేది ఒకటే. భయం ఎంత ఉందన్నది రెండో ప్రశ్న, దేనికన్నది మొదటిది. ఆ వరస తప్పితే చిన్న భయానికి పెద్ద మత్తు కోరుకుంటాం, లేదా పెద్ద భయాన్ని ‘ఊపిరి పీల్చి వదలండి’ అనే మాటతో సరిపెట్టుకుని కుర్చీలోంచి లేచి పారిపోతాం.

ముందు భయానికి పేరు పెట్టండి

పంటి భయాన్ని కొలవడానికి వైద్యులు వాడే ప్రశ్నావళి ఒకటి ఉంది. 1969లో నార్మన్ కోరా నాలుగు ప్రశ్నలతో ఒకటి తయారు చేస్తే, 1995లో దానికి సూది గురించిన ఐదో ప్రశ్న చేర్చి సవరించారు. రేపు డాక్టరు దగ్గరకు వెళ్లాలంటే ఎలా ఉంటుంది, బయట గదిలో వంతు కోసం కూర్చుంటే ఎలా ఉంటుంది, పన్నుకు డ్రిల్లు పెట్టబోతుంటే, పళ్లు శుభ్రం చేయబోతుంటే, చిగురుకు ఇంజెక్షన్ ఇవ్వబోతుంటే ఎలా ఉంటుంది. ఇవే ఆ ఐదు. ఏ భయమూ లేకపోతే 1, విపరీతమైన భయమైతే 5. మొత్తం 5 నుంచి 25 మధ్య వస్తుంది. 19, ఆపైన వస్తే తీవ్రమైన భయంగా లెక్కిస్తారు. కాగితం మీద వేసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

అయితే ఎంపికకు మొత్తం కన్నా విడి అంకెలే ఎక్కువ పనికొస్తాయి. అన్నిటికీ మూడేసి వచ్చి 15 అయినవారు ఒక రకం. సూది దగ్గర 5 పడి, తక్కినవి రెండూ మూడూ వచ్చి అదే 15 అయినవారు వేరే రకం. మొదటివారికి భయం తగ్గించే గ్యాస్ కాస్త పీల్పిస్తే హాయిగా ఉండవచ్చు. రెండోవారికి చిగురును మొద్దుబార్చేందుకు రాసే జెల్, నిదానం తెలిసిన చెయ్యి చాలు. ముందు రోజు రాత్రి, వేచి ఉండే గది, ఈ రెంటికే ఎక్కువ పడితే అసలు శత్రువు ఊహ. ఉదయం మొట్టమొదటి సమయం అడిగి తీసుకుంటే ఊహకు దొరికే గంటలు తగ్గిపోతాయి.

ఆ ఐదు ప్రశ్నల్లో లేని భయాలు కూడా ఉన్నాయి. నాది అలాంటిదే. మరికొందరికి నోట్లో ఏది పెట్టినా డోకు వస్తుంది, వాంతి అయిపోతుందేమోనని బెదురు. ఇంకొందరికి సిగ్గు: ‘ఇన్నాళ్లూ ఏం చేశారు? పళ్లు ఇలా పాడుచేసుకున్నారేమిటి?’ అని తిడతారని. సిగ్గు విషయంలో నా తీర్పు సూటిగా చెబుతాను. తిట్టే డాక్టరుకు విరుగుడు మత్తుమందు కాదు, మరో డాక్టరు.

మందు లేని దారులు

వీటిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, మందు కాదు కాబట్టి బలం లేదనుకుంటారు. నేను వీటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

చెయ్యెత్తే ఒప్పందం గురించి చెప్పాను. దానికి రెండు షరతులు ఉన్నాయి. పని మొదలు కాకముందే కుదుర్చుకోవాలి. ఒక్కసారైనా నొప్పి లేకుండానే ఎత్తి చూడాలి. డాక్టరు ఆగారా, మీ వెన్ను కుర్చీకి ఆనుతుంది. ఆగలేదా, ఆ కుర్చీలోకి రెండోసారి వెళ్లనక్కరలేదు.

రెండోది, ఏం చేయబోతున్నారో ముందు చెప్పి, పరికరం చూపించి, ఆ తర్వాతే చేయడం. 1959లో పిల్లల దంతవైద్యం కోసం రాసిన పద్ధతి ఇది, పెద్దలకూ బాగానే పనిచేస్తుంది. కానీ అందరికీ కాదు. తెలుసుకుంటే తగ్గే భయం ఒకటి, తెలుసుకుంటే పెరిగే భయం ఒకటి. విమానం కుదుపులకు లోనైనప్పుడు పైలట్ ప్రకటన కోసం చెవులు రిక్కించేవారు మొదటి రకం; కళ్లు మూసుకుని పాటలు పెట్టుకునేవారు రెండో రకం. మొదటి రకంవారికి అడుగడుగూ చెప్పించుకోవడం మేలు. రెండో రకంవారికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్లకు నల్లద్దాలు మేలు. డ్రిల్లు శబ్దమే మీ బాధ అయితే పాటల కన్నా మాటలున్న కథో, హాస్య ప్రసంగమో పెట్టుకోండి. మాటల వెంట మనసు పడిపోతుంది, పాట అయితే వెనక్కి జారి డ్రిల్లు ముందుకొస్తుంది. ఇది నా అనుభవం మాత్రమే. ఒక హెచ్చరిక: చెవులు మూసుకున్నవారు చెయ్యెత్తే ఒప్పందాన్ని ఇంకా గట్టిగా చేసుకోవాలి.

మూడోది శ్వాస. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలంతసేపు వదలడం. వదిలే శ్వాస పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. డోకు వచ్చేవారు ముక్కుతోనే ఇలా పీల్చి వదలాలి, కుర్చీని మరీ వెనక్కి వాల్చవద్దని అడగాలి.

ఇక్కడ ఒక పెద్ద మినహాయింపు ఉంది. సూదిని చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవారికి వదులు చేసే పద్ధతులు సరిపడవు. సాధారణ భయంలో రక్తపోటు పెరుగుతుంది. వీరికి ముందు పెరిగి, ఆ వెంటనే ఒక్కసారిగా పడిపోతుంది, అందుకే సొమ్మసిల్లుతారు. ఒళ్లు వదులు చేస్తే ఆ పడిపోవడానికి తోడు చేసినట్టే. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్-గోరాన్ ఓస్ట్ 1980లలో వీరి కోసం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి ఒకటి తెచ్చారు. కాళ్లు, చేతులు, పొట్ట కండరాలను పది పదిహేను సెకన్లు, ముఖం వెచ్చబడే దాకా బిగించి, తర్వాత అరనిమిషం మామూలుగా ఉండి, మళ్లీ బిగించాలి. ఇలా ఐదుసార్లు. ఇంట్లో వారం రోజులు సాధన చేసి వెళ్తే మంచిది. దవడ మాత్రం బిగించకండి, పని అక్కడే కదా. కుర్చీని ముందే వాల్చి ఉంచమని అడగడం కూడా మరచిపోవద్దు. పడుకున్న మనిషి సొమ్మసిల్లడం అరుదు.

సూది సంగతి

పంటి చికిత్సలో నొప్పి అంతా సూది దగ్గరే అయిపోవాలి, ఆ తర్వాత ఉండకూడదు. లెక్క ప్రకారం అంతే. పంటి చుట్టూ మొద్దుబార్చే మత్తుమందుల్లో ఇప్పుడు ఎక్కువగా వాడే లిగ్నోకెయిన్‌ను (లిడోకెయిన్ అన్నా అదే) స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారు చేశారు, 1948లో మార్కెట్లోకి వచ్చింది. మరి మత్తు ఇచ్చాక కూడా నొప్పి పుట్టిందని కొందరు ఎందుకంటారు? మూడు కారణాలు కనబడతాయి.

మొదటిది, నొక్కుడును నొప్పి అనుకోవడం. ఈ మందు నొప్పిని మోసే సన్నని నాడీ తంతువులను బాగా ఆపుతుంది, ఒత్తిడిని మోసే లావు తంతువులను అంతగా ఆపదు. పన్ను తీసేటప్పుడు నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. అలా తెలుస్తుందని ముందే తెలిస్తే సగం బెదురు పోతుంది.

రెండోది తొందర. పై దవడలో కొద్ది నిమిషాల్లో పనిచేసే మత్తు, కింది దవడ వెనక పళ్లకు ఇంకాస్త సమయం తీసుకుంటుంది. పెదవి, నాలుక ఒక పక్క పూర్తిగా మొద్దుబారాయా లేదా చెప్పాల్సింది మీరే. మొహమాటపడి ‘ఆఁ, మొద్దుబారింది’ అనకండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. బాగా వాచిన, చీము పట్టిన చోట కణజాలంలో ఆమ్లత పెరుగుతుంది. ఆమ్లతలో మత్తుమందు నాడిలోకి సరిగా చొరబడలేదు. అంటే, భయంతో వాయిదా వేసినకొద్దీ పన్ను వాస్తుంది, వాచినకొద్దీ మత్తు పట్టడం కష్టమవుతుంది, నొప్పి పుడుతుంది, ‘చూశావా, నేను భయపడింది నిజమే’ అని భయం బలపడుతుంది. నా తొమ్మిదేళ్లూ ఈ చక్రంలోనే తిరిగాయి. అలాంటి పన్నుకు పక్కనే, చుట్టూ అదనపు మత్తు ఇచ్చే పద్ధతులు ఉన్నాయి. అడగవచ్చు.

సూది పోటు మాటకొస్తే, ముందు చిగురు తుడిచి జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగడం, మందును చాలా నిదానంగా ఎక్కించడం, ఈ రెండూ కలిస్తే చాలామందికి చీమ కుట్టినట్టే ఉంటుంది. మంట ఎక్కువగా మందు వేగంగా ఎక్కడం వల్లే వస్తుంది. సూది పడిన ఒకటి రెండు నిమిషాలకు గుండె దడదడలాడితే హడలిపోకండి. మందు త్వరగా కొట్టుకుపోకుండా ఉండేందుకు అందులో చాలా కొద్ది మోతాదులో, తరచుగా లక్షలో ఒక వంతు గాఢతతో, గుండె వేగం పెంచే అడ్రినలిన్ కలుపుతారు. ఆ దడ కొద్ది నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. గతంలో దీన్ని గుండెపోటుగానో, అలర్జీగానో భ్రమపడి మళ్లీ డాక్టరు ముఖం చూడనివారు ఉన్నారు. దడ మరీ ఇబ్బంది పెడితే అడ్రినలిన్ లేని మందు కూడా ఉంది, కాకపోతే దాని ప్రభావం త్వరగా దిగిపోతుంది.

గ్యాసా, మాత్రా, నరంలోకి మందా?

ఇంతవరకు చెప్పినవి చాలనివారికి, పన్నును మొద్దుబార్చే మత్తుకు తోడు, మనసును నెమ్మదింపజేసే మత్తు అవసరమే. సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ మూడు దారుల మధ్య తేడా చాలా ఉంది.

గ్యాస్ అంటే నైట్రస్ ఆక్సైడ్. దీనికీ పళ్లకూ పాత బంధుత్వం. 1844 డిసెంబర్‌లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఊళ్లో హోరెస్ వెల్స్ అనే దంతవైద్యుడు తనే ఈ వాయువు పీల్చి తన పన్ను తీయించుకున్నాడు. మర్నెల బోస్టన్‌లో పదిమంది ముందు ప్రదర్శిస్తే రోగి మధ్యలో కేక వేశాడు, సభ ఎగతాళి చేసింది. ఆ కేకలో ఇవాళ్టికీ పనికొచ్చే పాఠం ఉంది. గ్యాస్ భయాన్ని తగ్గిస్తుంది, నొప్పిని కొంతే తగ్గిస్తుంది. కాబట్టి గ్యాస్ తీసుకున్నా సూది ఉంటుంది, సూదిని పట్టించుకోని స్థితి వస్తుందంతే.

ముక్కు మీద చిన్న తొడుగు పెడతారు, ఆక్సిజన్‌తో కలిపి వాయువు ఇస్తారు. కొద్ది నిమిషాల్లో ఒళ్లు తేలికవుతుంది, వేళ్లు తిమ్మిరెక్కినట్టుంటాయి. మెలకువగానే ఉంటారు, మాట్లాడగలరు. దీనిలో నాకు నచ్చేది, ఎక్కువైతే అప్పటికప్పుడు తగ్గించవచ్చు. చివర కొన్ని నిమిషాలు ఒట్టి ఆక్సిజన్ ఇస్తే దిగిపోతుంది, పెద్దలు సాధారణంగా తమంతట తామే ఇంటికి వెళ్లగలరు. డోకు వచ్చేవారికి కూడా ఇది సాయపడుతుంది. ముక్కు దిబ్బడ ఉన్నరోజు పనికిరాదు. గర్భం తొలి మూడు నెలల్లో ఉన్నవారు, విటమిన్ బి12 లోపం ఉన్నవారు, ఈమధ్యే కంటికి ఆపరేషనై లోపల గ్యాస్ బుడగ పెట్టించుకున్నవారు ముందే చెప్పి తీరాలి. ముక్కు మీద ఏదైనా పెడితే ఊపిరాడనట్టు అనిపించేవారికి ఇది భయం మీద భయం.

మాత్ర అంటే డయాజెపామ్, ట్రయజోలామ్ వంటివి, డాక్టరు రాసిస్తే చికిత్సకు గంట ముందు వేసుకునేవి. సూది లేదు, తొడుగు లేదు, కాబట్టి అన్నిటికన్నా సులువైనదిగా కనిపిస్తుంది. ఆ సులువు కొంత మోసం. మింగిన మాత్రను వెనక్కి తీయలేం. ఒకరికి చాలని మోతాదు మరొకరికి ఎక్కువవుతుంది, చాలకపోతే అప్పటికప్పుడు పెంచడం కుదరదు. వెంట ఒకరు ఉండాలి. ఆ రోజుకు బండి నడపడం, సంతకాలు పెట్టడం వంటివి మానుకోవాలి. డయాజెపామ్ అయితే మర్నాటికి కూడా మగత మిగలవచ్చు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారికి, మార్ఫిన్ జాతి నొప్పి మందులు వాడేవారికి ప్రమాదం. ఇంట్లో ఎవరిదో మిగిలిన నిద్రమాత్ర వేసుకుని వెళ్లడం, ధైర్యానికి ఒక పెగ్గు వేసుకుని వెళ్లడం, ఈ రెండూ నేను విన్నవే. రెండూ డాక్టరు చేతులు కట్టేసేవే. ముందు రాత్రి నిద్ర పట్టక తల్లడిల్లేవారికి మాత్రం మాత్ర నిజంగా పనికొస్తుంది, ఆ రాత్రికి ఇచ్చేదీ వేరేగా ఉంటుంది. అడగండి.

నరంలోకి ఇచ్చే మందు, ఎక్కువగా మిడజోలామ్, ఈ రెంటికన్నా బలమైనది. చేతి నరంలో సన్నని గొట్టం పెట్టి కొద్దికొద్దిగా ఎక్కిస్తారు కాబట్టి మోతాదు డాక్టరు అదుపులో ఉంటుంది. వేలికి తొడిగిన చిన్న పరికరం రక్తంలోని ఆక్సిజన్‌ను చూస్తూ ఉంటుంది. పిలిస్తే పలుకుతారు, కానీ తర్వాత ఆ గంటలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండదు. ఎక్కువైతే విరుగుడు మందు కూడా ఉంది. తోడు తప్పనిసరి, ఆ రోజంతా విశ్రాంతే. నాలుగు జ్ఞానదంతాలు ఒకేసారి తీయించుకోవాల్సినవారికి, వాయిదాలు వేసి వేసి నోరంతా పని పేరుకుపోయినవారికి నేను దీనికే ఓటేస్తాను. సూదంటేనే భయమున్నవారికి చేతికి సూది గుచ్చాలన్నది ఇందులోని వెటకారం. చేతికి కూడా మొద్దుబార్చే క్రీము రాయించుకోవచ్చు.

పూర్తిగా నిద్రపుచ్చడం, అంటే జనరల్ అనస్థీషియా, వేరే తరగతికి చెందినది. మత్తు డాక్టరు, ఆపరేషన్ గది, ముందుగా ఆరు గంటలు ఘనాహారం మానడం, పరీక్షలు. బ్రిటన్‌లో 2001 చివరి నుంచి పళ్ల కోసం దీన్ని ఆసుపత్రుల్లో తప్ప ఇవ్వకూడదన్నారంటే దాని బరువు అర్థమవుతుంది. బాగా చిన్న పిల్లలకు, సహకరించలేని వైకల్యం ఉన్నవారికి, పెద్ద దవడ ఆపరేషన్లకు ఇది న్యాయం. ఒక ఫిల్లింగ్ కోసం ఇది అడగడం, నేను అడిగినట్టే, గొడ్డలి అడగడం.

ఒక్క రోజు గట్టెక్కడమా, భయమే తగ్గడమా?

మత్తులన్నిటికీ ఒక ఉమ్మడి లోపం ఉంది. అవి ఆ రోజును దాటిస్తాయి, భయాన్ని ఎక్కడున్నది అక్కడే ఉంచుతాయి. జరిగింది గుర్తే లేకపోతే, ‘ఇది నేను తట్టుకోగలను’ అని మనసు నేర్చుకునేదెలా? ఆరు నెలల తర్వాత మళ్లీ మొదటికి వస్తుంది.

దీనికి పోటీగా నిలిచేది సీబీటీ అనే మానసిక చికిత్స, అందులోనూ కొద్దికొద్దిగా ఎదురుపడటం. మొదటిసారి కుర్చీలో ఊరికే కూర్చుని రావడం. తర్వాత చిన్న అద్దంతో చూపించుకోవడం. తర్వాత పళ్లు శుభ్రం చేయించుకోవడం. ఆపైన చిన్న ఫిల్లింగ్. ప్రతి మెట్టు మీద భయం దానంతటదే దిగేదాకా ఉండి, అప్పుడే పైమెట్టు. ఏళ్ల తరబడి తప్పించుకు తిరిగేవారికి, ప్రశ్నావళిలో 19 దాటినవారికి నా మొదటి సలహా ఇదే. ఓపిక కావాలి, వారాలు పడుతుంది. పన్ను సలుపుతూ ఉంటే వారాలు ఆగలేం. అప్పుడు సలిపే పన్నుకు మత్తు తీసుకుని పని ముగించుకుని, తక్కిన పళ్ల కోసం మెట్లు ఎక్కడం మొదలుపెట్టవచ్చు. ఒకటి ఎంచుకుంటే మరొకటి వదులుకోవాలని లేదు.

ఒక్క సందర్భంలో ఈ పోలికలన్నీ పక్కన పెట్టండి. ముఖం లేదా దవడ కింద వాపు పెరుగుతూ జ్వరం వస్తే, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే, అది చీము లోపలికి పాకుతున్న గుర్తు కావచ్చు. అప్పుడు అపాయింట్‌మెంట్ అడగకండి, నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఫోను చేసేటప్పుడు

నాకైతే కుర్చీ కన్నా ఫోను కష్టమైంది. నంబరు నొక్కి రెండుసార్లు పెట్టేశాను. కాబట్టి ఏం మాట్లాడాలో రాసి పెట్టుకోండి. ‘నాకు పంటి చికిత్సంటే భయం, ముఖ్యంగా ఫలానా దానికి’ అని మొదటి వాక్యంలోనే చెప్పేయండి. అలాంటివారి కోసం ఎక్కువ సమయం కేటాయిస్తారా, గ్యాస్ సౌకర్యం ఉందా, మత్తు ఇస్తే పక్కన చూసుకునే మనిషి వేరే ఉంటారా అని అడగండి. మీరు వాడే మందులు, ఇదివరకు సొమ్మసిల్లిన సంగతి ఏదీ దాచకండి.

చివరగా ఒకటి అడగండి: ‘మొదటి రోజు నోట్లో ఏ పనీ చేయించుకోకుండా, మాట్లాడి వెళ్లడానికి రావచ్చా?’ అవతలి నుంచి ‘తప్పకుండా రండి’ అని వినిపిస్తే తేదీ రాసుకోండి. విసుగు వినిపిస్తే మర్యాదగా ఫోను పెట్టేసి, ఇంకో నంబరు వెతకండి.